బేరమాడని వెంకటరావమ్మ

భానుచందర్ బెజవాడ గవర్నర్‌పేటలో పద్దెనిమిదేళ్లు చేసిన ఇన్సూరెన్సు ఉద్యోగం వదిలేసి పామర్రులో బట్టల కొట్టు పెట్టాడు. "మనకి కావాల్సింది మనుషులు మాధురీ, బట్టలు వంక మాత్రమే" అని భార్యకు నచ్చజెప్పాడు. ఆరు నెలల్లో మనుషులు బాగానే దొరికారు. బట్టలు మాత్రం అలమరల్లోంచి కదల్లేదు. ఇక మిగిలిన ఆశ వెంకటరావమ్మ గారి మనవరాలి పెళ్లి చీరలు. అవి కూడా పోతే కొట్టు మూసుకోవాల్సిందే. ఆ రోజు మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి చూపించాలని పొద్దున్నే పట్టుచీరలు మూట కట్టుకున్నాడు.

తొమ్మిదింటికి ఆవిడే కొట్టుకొచ్చింది. పంచెల చాపు ఒకటి తీసుకుంది. అంచు చూడలేదు, బేరమాడలేదు. జాకెట్టు ముక్కకే అరగంట బేరమాడే మనిషి! కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కేసింది. ఆవిడ భర్త ఏడుకొండలు గారు వారంగా బెజవాడ ఆసుపత్రిలో ఉన్నారు. చావు బట్టలకు బేరమాడకూడదని ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆయన పోయారనే అనుకున్నాడు భానుచందర్.

"ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి" అంది మాధురి.

"చావింటికి ఫోన్ చేసి, పోయారా అని అడుగుతామా? మనం పరాయివాళ్లమా?"

ఉద్యోగంలో ఉన్నప్పుడు డెత్ సర్టిఫికెట్ చూడందే ఎవరూ పోయినట్టు ఒప్పుకోని మనిషి, "మన పెద్దదిక్కు ఇక లేరు" అని ఏడుకొండలు గారి ఫోటోతో కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. రెండొందల మంది దండాలు పెట్టారు. వెంకటరావమ్మ గారు ఫోన్ ఎత్తకపోతే, ఏడుస్తున్న మనిషి ఏం ఎత్తుతుందిలే అని సరిపెట్టుకున్నారు. ఒకరు తాళం వేసి ఉన్న వాళ్లింటి ముందు షామియానా వేయించారు. ఇంకొకరు ఐసు పెట్టె తెప్పించారు. చల్లపల్లి నుంచి పెళ్లికొడుకు తండ్రి హరిబాబు గజమాలతో దిగాడు.

ఒంటిగంటకు ఆటో వచ్చి ఆగింది. వెంకటరావమ్మ గారి భుజం పట్టుకుని, కొత్త పంచెలో ఏడుకొండలు గారు దిగారు. ఇంటి ముందు జనాన్ని చూసి కంగారు పడ్డారు.

"ఎవరండీ పోయారు?"

హరిబాబు గజమాల వెనక్కి దాచుకున్నాడు. "మీరేనంటండీ."

"మీరు బేరమాడలేదు కదా పిన్నిగారూ..." అని గొణిగాడు భానుచందర్.

"డిశ్చార్జి చేస్తున్నారంటే, సంతోషం పట్టలేక, కొత్త పంచెతో ఇంటికి తెచ్చుకుందామని ఉరుక్కుంటూ వెళ్లానయ్యా! నా పసుపుకుంకాలు నీకేం చేశాయి?" అంటూ ఆవిడ భోరుమంది. నిజమైన ఏడుపు ఆ రోజు అదొక్కటే.

"ఈ చేతి మీదుగా వచ్చిన చీర మా కోడలు కట్టడానికి వీల్లేదు" అని హరిబాబు తేల్చేశాడు.  ఎవరి కోసమైతే భానుచందర్ నెలజీతం వదులుకున్నాడో, వాళ్లంతా అతన్ని చూసి పక్కకు జరిగారు.

మర్నాడు కొట్టు ఖాళీ చేద్దామని తలుపు తీశాడో లేదో, యేసుబాబు అనే రైతు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"మా పెదనాన్న పోయాడండీ, నిజంగానే. చావు బట్టలనగానే అందరూ మీ పేరే చెప్పారు."

ఆ తర్వాత ఇంకొకరు, ఆ వారంలోనే మరో ముగ్గురు. పెళ్లి బట్టలకు జనం బెజవాడ బస్సెక్కుతున్నారు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే, భానుచందర్ పలకరించడానికి వస్తాడేమోనని తలుపులు వేసుకుంటున్నారు.

వ్యాపారం మాత్రం బ్రహ్మాండంగా ఉంది.