మేళాలో ఒక్కటే కుర్చీ

నల్లమాడలో తొలి బస్సెక్కి, కదిరి కాలేజీలో జరిగే ఉద్యోగ మేళాలో అందరికంటే ముందు నిలబడాలని అనీసా అనుకుంది. బీకాం పాసై మూడేళ్ళు. ఆ ఏడు వాన మొహం చాటేసి వేరుశనగ ఎండిపోయింది. ఇంట్లో అందరి ఆశా ఆమె మీదే.

గేటు దాటగానే చెప్పు తెగింది. పక్కనే బల్ల, ఖాళీ కుర్చీ కనబడితే కూర్చుని పిన్నీసు పెట్టుకుంది. తలెత్తేసరికి ఎదురుగా ఒక మనిషి, అతని వెనుక ఇంకొకడు. చూస్తుండగానే వరుస రోడ్డెక్కింది. తాను మేడమ్ కాదని చెప్పబోయింది గానీ, ముందున్న కుళ్ళాయప్ప విననేలేదు.

"బీఏ చేసినా మేడమ్. ఏ పనైనా చేస్తా."

"ఏ పనైనా అనేది పని కాదన్నా. నీ చేతికి ఏం వచ్చో చెప్పు."

కుళ్ళాయప్ప గొంతు తగ్గించాడు. "పెండ్లిండ్లకు వంట చేస్తా. ఐదునూర్ల మందికైనా సరే. బీఏ చదివి గరిటె పట్టుకుంటావా అని మా నాయన తిడతాడు."

అనీసా బల్ల మీదున్న కంపెనీల జాబితా చూసి అతన్ని బెంగుళూరు క్యాంటీన్ల కంపెనీ గదికి పంపింది. ఇక ఆ కుర్చీలోంచి లేవడం ఆమె తరం కాలేదు. బోరు మోటార్లు విప్పేవాళ్ళను పంపుల కంపెనీకి, మిషను కుట్టేవాళ్ళను బట్టల ఫ్యాక్టరీకి పంపింది. ఏమీ రాదన్నవాళ్ళను ఏదో ఒకటి ఒప్పుకునేదాకా ఓపిగ్గా అడిగింది.

ఆలస్యంగా వచ్చిన ప్రభుత్వాధికారి ఆంజినప్ప ఆమెను కంపెనీ మనిషనుకుని టీ తెప్పించాడు. కంపెనీలవాళ్ళు ప్రభుత్వ మనిషనుకుని భోజనం పెట్టించారు. నిజం చెబుదామనుకున్న ప్రతిసారీ ఎదుట ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు.

సాయంత్రం బల్లలు మడుస్తుంటే గుర్తొచ్చింది, తాను ఏ గదికీ వెళ్ళనేలేదని. అంతలో ఆంజినప్ప, క్యాంటీన్ల మేనేజరు కలిసి వచ్చి, ఇంతకీ మీది ఏ ఆఫీసని అడిగారు.

"నేనూ పని కోసరమే వచ్చినా సార్. చెప్పు తెగితే ఈడ కూర్చున్నా."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఇన్ని మేళాలు పెట్టినా ఇంతమందికి పని దొరకడం ఎన్నడూ చూడలేదని ఆంజినప్ప మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు. మేనేజరు మాత్రం ఒప్పుకుని ఊరుకోలేదు. ఊరూరా తిరిగి మనుషుల్ని ఎంచిపెట్టే పని ఆమెకు అక్కడికక్కడే ఇచ్చాడు.

అలాంటి ఉద్యోగం కంపెనీలో అంతవరకూ లేదు కనుక, నియామక పత్రంలో హోదా దగ్గర "ఇతరములు" అని రాశారు.