మా అమ్మ చారు మానేసింది

వంట వీడియోలు కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన ఫొటో ప్రతి ఇంటి పూజగదిలోనూ ఉండాలి! నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. పాస్‌పోర్టు లేకుండా, నెల్లితోపులోని రెండు గదుల ఇంట్లో లుంగీ కట్టుకుని కూర్చునే నేను ప్రపంచమంతా తిరిగాను. తిరిగింది నేనా, నా కడుపా అన్నది వేరే సంగతి.

మా అమ్మ వసంతమ్మకు డెబ్భై దాటాయి. ఈ తమిళ ఊళ్లో మాది తెలుగిల్లే అయినా ఆమెకు తెలుగు అక్షరాలు రావు, తమిళం కూడబలుక్కుని చదువుతుంది. నా భార్య హేమావతి తన పాత ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "నోటితో అడిగితే చాలత్తా, అదే చూపిస్తుంది" అంది. భజనలు వింటుందనుకున్నాం. వారం తిరక్కుండా మా ఇంట్లో చారు ఆగిపోయింది!

ఆ రోజు కంచంలో తెల్లటి గంజిలో మునిగిన గొట్టాలు కనిపించాయి.

"ఏందమ్మా ఇది?"

"ఇటలీరా. మాట్లాడకుండా తిను."

తిన్నాను. దేశాల మధ్య సంబంధాలు చెడగొట్టే రకం కాదు నేను.

తర్వాత మెక్సికో వచ్చింది, చపాతీలో రాజ్మా చుట్టుకుని. లెబనాన్ వచ్చింది, శనగలు మెత్తగా రుబ్బుకుని. వియత్నాం కూర పెట్టి నూనెలో వేయించిన చుట్టలై వచ్చినప్పుడు పక్కింటి పట్టమ్మాళ్ మాత్రం ఆశ్చర్యపోలేదు. వాళ్ల తాత ఫ్రెంచివాళ్ల కాలంలో అక్కడే, సైగాన్‌లో ఉద్యోగం చేసినవాడు. "మా ఇంట్లో ఇంకా కరకరలాడేది" అని తీర్పు చెప్పి, ప్లేటు ఖాళీ చేసి వెళ్లింది.

లాభాలు చూడండి! మునుపు ఆఫీసులో నా క్యారియర్ మూత తీస్తే చాలు, నలువైపుల నుంచీ చేతులు దూరేవి. ఇప్పుడందరూ మర్యాదగా కుర్చీలు వెనక్కి జరుపుకుంటున్నారు. ప్రపంచశాంతి అంటే ఇంకేమిటండీ?

జపాన్ వంతు వచ్చినప్పుడే కాస్త గొడవైంది. సోలై నగర్ నుంచి చేపలు తెచ్చే కయల్విళి మా గుమ్మంలో గంప దించింది. చేపను పచ్చిగానే తింటారని తెలియగానే గంప మళ్లీ నెత్తికెత్తుకుంది.

"పచ్చిగా తినే పనైతే పిల్లికి వేస్తా గానీ, నీకు ఇయ్యను పెద్దమ్మా! నా చేప మానం పోతుంది!"

జపాన్ ఆ పూట మా ఇంటికి రాలేకపోయింది. కయల్విళి పిల్లాపాపలతో చల్లగా ఉండాలి!

ఇంత భాగ్యం కలిగినవాడివి, మరి మీ మామను ఎందుకు పిలిపించావు అంటారా? ఫిర్యాదు కాదండీ, సంప్రదింపులు! ఒర్లియంపేటలో ఉండే రంగనాథన్ మామ అమ్మకు తమ్ముడు. చట్నీ రంగు మారితేనే పీట మీంచి లేచిపోయే మనిషి.

"ఈ వయసులో ఈ ఆటలేందక్కా?" అని మొదలుపెట్టాడు.

అమ్మ ఒక గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది. కొరియా నూడుల్సు. ఎర్రగా, పొగలు కక్కుతూ, పైన సగం ఉడికిన గుడ్డు. మామకు చెమట పట్టింది. ముక్కు కారింది. చివరికి గిన్నె ఎత్తి అడుగుదాకా తాగేశాడు.

"అక్కా, ఇంకొంచెం ఉండాదా?"

నా రాయబారి శత్రుపక్షంలో చేరిపోయాడు!

ఆయన డబ్బా నింపుకుని వెళ్లాక నాకు ఒళ్లు మండింది.

"అమ్మా, నాకు చారు కావాలి. ఉత్త మిరియాల చారు!"

"పెట్టుకో. నేనొద్దన్నానా?"

"నాకు రాదు గదా!"

"పుట్టినకాడ్నించీ తింటా ఉండావే, ఇంకా రాలేదా? ఈ నూడుల్సు నేను ఒక్కసారి చూసి నేర్చుకున్నా."

హేమావతి గోడవైపు తిరిగి నవ్వుకుంది. నాకు రోషం ముంచుకొచ్చింది.

"అసలు నీకేది ఇష్టమో చెప్పమ్మా! ఆ ఒక్కటీ వండుకో, మమ్మల్ని వదిలెయ్!"

అమ్మ గిన్నె తోముతున్నదల్లా ఆగింది. గెలిచాననుకున్నాను.

"ఆ మాట నన్ను ఎవురూ అడగలేదురా" అంది మెల్లగా. "మీ నాయనకు పులుసు, నీకు చారు, నీ తమ్ముడికి ఉర్లగడ్డ వేపుడు. మిగిలింది నేను తిన్నా. నాకేది ఇష్టమో నాకూ తెలవదు. అదే చూస్తా ఉండా. ఇప్పుడే కదా, కొరియా దాకా వచ్చినా."

మళ్లీ గిన్నె తోముకోసాగింది.

కాబట్టి పాఠకులారా, నాకు ఇటలీ మీదా కోపం లేదు, కొరియా మీదా లేదు. పుట్టినప్పటి నుంచి ఒక్క సెలవూ లేకుండా నడిచిన నా మెస్సులో, ఇన్నాళ్లకు వంటమనిషి కూడా భోజనానికి కూర్చుంది. అదీ నా ఏడుపు!

ఇక్కడి దాకా రాసి హేమావతికి చదివి వినిపించాను. కళ్లు తుడుచుకుంటుందనుకున్నాను.

"బాగానే ఉంది" అంది. "మరి నాకేది ఇష్టమో చెప్పండి చూద్దాం."

నాకు అర్జెంటుగా బజార్లో పని పడింది.