పెద్దాయన శాశ్వత చిరునామా

మానవుడు చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్లయింది గానీ, శాశ్వత చిరునామా విభాగం ఆ సంగతిని ఇంకా ఆమోదించలేదు. ఆ విభాగం లెక్క ప్రకారం ఇల్లంటే పైకప్పు, తలుపు, తాళం ఉన్నది, చక్రాలు లేనిది. మొదటి మూడూ ఉండి నాలుగోదాని దగ్గర బోల్తా పడ్డ కుటుంబం ఒకటి ఆ రోజు పొద్దున్నే ఆఫీసు వీధి చివర వ్యాన్ ఆపింది. (ఆఫీసు ముందు ఆపకూడదు. అది స్థిర నివాసుల వాహనాలకు మాత్రమే.)

వ్యాన్‌లోంచి ముగ్గురు దిగారు. మొదటివాడు బొమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తన పెదవి కదపకుండా దానిచేత మాట్లాడించే ఆటగాడు. గొంతు తనదే, వినిపించేది మాత్రం బొమ్మ దగ్గర్నుంచి. ఆ విద్యలో కిటుకంతా అదే. రెండోది అతని అత్తగారు. ఆటకు ముందు డప్పు కొట్టి జనాన్ని పోగుచేసే మనిషి, డప్పు లేకపోయినా గొంతు తగ్గేది కాదు. మూడోది కూతురు. భార్య దిగలేదు. ఆవిడ ఇరవై అడుగుల ఎత్తున తీగ మీద నడుస్తుంది గానీ, ఆఫీసు వరండాలో లైను చూస్తే కళ్ళు తిరుగుతాయంటుంది.

వచ్చిన పని కూతురిదే. ఆ పిల్ల బడి మొహం చూడకుండానే పదో తరగతి పాఠాలన్నీ వ్యాన్ కిటికీ పక్కన కూర్చుని చదివేసింది. త్రికోణాల లెక్కలు అమ్మ తీగ కట్టే గుంజల దగ్గర నేర్చుకుంది. ఇక పరీక్ష రాయడమే తరువాయి. అయితే పరీక్ష కేంద్రాన్ని శాశ్వత చిరునామాను బట్టి ఇస్తారు. చిరునామా లేకపోతే హాల్ టికెట్ లేదు. ఆఖరు తేదీ ఆ రోజే, సాయంత్రం ఐదింటి వరకే.

"నాన్నా, ఈ ఏడు పోతే నేనిక పుస్తకం ముట్టను. అమ్మమ్మ డప్పు నాకిచ్చెయ్యండి, అయిపోతుంది," అంది కూతురు మెట్లెక్కుతూ. నవ్వుతూనే అంది గానీ, అది ఉత్తమాట కాదని తండ్రికి తెలుసు.

"శాశ్వత చిరునామా?" అన్నాడు కౌంటర్‌లో గుమస్తా, తలెత్తకుండానే.

"వ్యానండీ."

"అదెక్కడుంటుంది?"

"నిన్న వేరే ఊళ్ళో ఉందండీ. ఇవాళ మీ వీధి చివర. ఎల్లుండి నది అవతల."

"అది చిరునామా కాదు, ప్రయాణం. ప్రయాణాలు రెండో అంతస్తు."

రెండో అంతస్తులో ప్రయాణాల అధికారిణి కళ్ళజోడు సవరించుకుని, "బయల్దేరిన చోటికి తిరిగెప్పుడు వెళ్తారు?" అనడిగింది.

"తిరిగి వెళ్ళమండీ. ముందుకే."

"తిరిగి వెళ్ళకపోతే అది ప్రయాణం కాదు, నివాసం. నివాసాలు కింద."

ఇలా కింద నుంచి పైకి, పై నుంచి కిందకి మూడుసార్లు తిరిగారు. (మెట్ల మీద గడిపిన సమయాన్ని నివాసంగా పరిగణించరని గోడ మీద రాసి ఉంది. ఎవరో ముందే అడిగి ఉంటారు.) నాలుగోసారి వచ్చేసరికి మధ్యాహ్నం మూడున్నరైంది. గుమస్తాకు కూడా జాలేసినట్టుంది, ఇంకో ఫారం తీశాడు.

"సరే, ఇంటి పెద్ద పేరు మీద ప్రయత్నిద్దాం. మీ ఇంట్లో పెద్దాయన ఎక్కడ?"

ఆ కుటుంబంలో పెద్దాయనంటే ఒక్కడే. కోటూ, తెల్లమీసం, తిరిగే కనుగుడ్లూ ఉన్న బొమ్మ. ఆటలో దాని పేరే అది. ఆటగాడు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"పెద్దాయనా? పెట్టెలో ఉన్నాడు."

గుమస్తా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అయ్యయ్యో. ఎప్పుడండీ?"

"పొద్దున్నే పెట్టాం. ఆట ఉంటేనే బయటికి తీస్తాం."

గుమస్తా మెల్లగా కూర్చున్నాడు. "ఎన్నాళ్ళుగా ఉంటున్నారు అందులో?"

"ముప్పై ఏళ్ళు. మా అల్లుడి గురువుగారి కాలం నుంచీ అదే పెట్టె."

గుమస్తా కళ్ళు మెరిశాయి. ముప్పై ఏళ్ళు ఒకేచోట! ఆ ఊళ్ళో ఎవరికీ అంత స్థిరత్వం లేదు. ఆయనకే నాలుగు బదిలీలయ్యాయి.

"తీసుకురండి," అన్నాడు.

ఆటగాడు పరిగెత్తి పెట్టె తెచ్చాడు. గుమస్తా టేపు పెట్టి కొలిచాడు. పైకప్పుంది (మూత). తలుపుంది (అదే మూత). తాళముంది. సామాన్ల లెక్క కోసం పక్కన ఎర్రరంగుతో వేసిన పద్నాలుగు అంకె చూసి, "డోర్ నంబరు కూడా ఉందే!" అని మురిసిపోయాడు.

"కానీ సార్, పెట్టె కూడా వ్యాన్‌లోనే కదా తిరిగేది," అంది కూతురు.

"తిరిగేది వ్యానమ్మా. పెట్టెకి చక్రాలున్నాయా?"

లేవు.

తర్వాత గుమస్తా బొమ్మ వైపు తిరిగి, "మీ పేరండీ?" అనడిగాడు. ఇక్కడే ఆటగాడి పాత అలవాటు బయటపడింది. సొంత గొంతుతో అయితే అతను ఆఫీసర్ల ముందు నీళ్ళు నములుతాడు. బొమ్మ గొంతుతో అయితే ఎవరినైనా కడిగేస్తాడు. కంగారులో చెయ్యి తనంతట తానే బొమ్మ వీపులోకి పోయింది.

"పెద్దాయనంటారు నాయనా. అవునూ, నువ్వు భోంచేశావా?"

గుమస్తా పెన్ను ఆగిపోయింది. పదకొండేళ్ళుగా కౌంటర్లలో కూర్చుంటున్నాడు, ఆ మాట అడిగినవాడు లేడు. "లేదు తాతా, లైను ఎక్కువుంది," అన్నాడు. "వీళ్ళంతా మీకేమవుతారు?"

"నా మీద ఆధారపడి బతుకుతున్నారు నాయనా."

"నాన్నా, అబద్ధం కదూ?" అని గుసగుసలాడింది కూతురు.

తండ్రి ఆలోచించాడు. "ఏ మాట అబద్ధమే?" అన్నాడు. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

ఐదుకి పది నిమిషాలుండగా ఫైలు పెద్ద అధికారి ముందుకెళ్ళింది. ఆయన కాగితం చూశాడు, "నమస్కారం నాయనా" అన్న బొమ్మను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు.

"ఇది బొమ్మ కదయ్యా?"

"ఫారంలో ఆ గడి లేదు సార్."

"వెనకనుంచి ఒకడు మాట్లాడితే ఇతను ఊరికే నోరాడిస్తున్నాడు!"

"అది అభ్యంతరమైతే సార్," అన్నాడు గుమస్తా వినయంగా, "మన ఆఫీసులో..."

పెద్ద అధికారి దగ్గి, సంతకం పెట్టాడు.

ధ్రువపత్రం అక్కడికక్కడే ఇచ్చారు. ఇంటి పెద్ద: పెద్దాయన. నివాసం: పెట్టె, నంబరు పద్నాలుగు. కూతురు, తల్లి, అమ్మమ్మ ఆయన ఆశ్రితులు. ఫారంలో ఆశ్రితులకు మూడే గళ్ళున్నందువల్ల ఆటగాడిని సందర్శకుడిగా నమోదు చేశారు. (ఏడు రోజులకు మించి ఉండదలిస్తే పెద్దాయన అనుమతి తీసుకోవాలి.) అతనికేమీ పట్టలేదు. ఆనందంతో కూతుర్ని ఎత్తి తిప్పాడు. అత్తగారు వరండాలోనే డప్పు లేకుండా డప్పు కొట్టింది.

పరీక్ష రోజు ఎండ మండిపోతోంది. గేటు దగ్గర కాపలాదారు హాల్ టికెట్ చూశాడు. పిల్లతో పాటు ఇంటి పెద్దను ఒక్కరినే లోపలికి వదలాలని నిబంధన. కాపలాదారు బొమ్మను రెండు చేతులా భద్రంగా అందుకుని, షెడ్డు నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పక్కన గ్లాసుతో మంచినీళ్ళు పెట్టాడు. సందర్శకుడిని గేటు బయటే ఆపేశాడు.

కూతురు షెడ్డు దాటుతూ వెనక్కి చూసింది. ఇన్నేళ్ళ చదువూ మర్చిపోయినట్టు ముఖం పెట్టింది. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డ తండ్రి అది చూశాడు. అంత దూరం గొంతు అతనెప్పుడూ పంపలేదు. ఊపిరి బిగబట్టి, పెదవి కదపకుండా పంపాడు.

"భయమెందుకే తల్లీ, నేనిక్కడే ఉన్నాగా. హాయిగా రాసి రా," అంది షెడ్డులో బొమ్మ.

పిల్ల ఫక్కున నవ్వింది. బొమ్మ వైపు కాదు, గేటు వైపు చూసి తలూపి, లోపలికి వెళ్ళింది.

కాపలాదారు పెద్దాయనకు నమస్కారం పెట్టుకుని గేటు దగ్గరికొచ్చాడు. ఎండలో చెమటలు కక్కుతున్న మనిషిని ఎగాదిగా చూశాడు.

"విన్నావా? ఇంటికి అలాంటి పెద్ద దిక్కుండాలయ్యా," అన్నాడు. "నువ్వూ ఉన్నావు, పొద్దుట్నుంచి ఒక్క మాటన్నా మాట్లాడావా?"