ఒలిచిన ముఖానికి హాజరు లేదు

మనిషి ముఖం మీది తోలు చలికాలంలోనే ఒలిపించుకోవాలని, మిగతా కాలాల్లో ఒలిపించుకునేవారు అనాగరికులని నిజామాబాద్ పట్టణం తీర్మానించుకుంది. ఆ తీర్మానం రెంజల్ మండలంలోని ఒక ఇంటికి చేరిన రోజున ఆ ఇంట్లో ఉన్నవారి వివరాలు ఇవి: ఇంటి యజమాని లింబయ్య, భార్య విమలమ్మ, తల్లి సాయవ్వ, పదిహేడేళ్ల కూతురు హర్షిణి, తీర్మానాన్ని స్కూటీ మీద మోసుకొచ్చిన విమలమ్మ చెల్లెలు శైలజ. వీరు కాక, వాకిట్లో బాయిలర్‌లో ఉడుకుతున్న పసుపు కొమ్ములు. (కొమ్ములను జనాభాలో చేర్చడానికి కారణం ఉంది. తోలు ఊడే విషయంలో ఆ ఇంట్లో ఎవరికైనా అనుభవం ఉందంటే అది వాటికే.)

నిజామాబాద్ ఖలీల్‌వాడిలోని చంద్రకాంతి చర్మాలయం వారు శీతాకాల ఒలుపు ఉత్సవం ప్రకటించారు. ఒకరు ఒలిపించుకుంటే వెంట వచ్చిన వారికి ఉచితం. శైలజకు ఒక ముఖం ఉంది. రెండోది కావాలి.

"పుక్యానికే అక్కా. చలి పోతే స్కీము పోతది," అంది శైలజ.

"మీ ఆయనను తీస్కపో," అంది విమలమ్మ పొగలోంచి.

"ఆయనకు గడ్డమున్నది. గడ్డాలకు స్కీము లేదంట."

అందరూ హర్షిణి వైపు చూశారు. ఆమె బుగ్గల మీద ఐదారు మొటిమల మచ్చలు ఉన్నాయి. అవి ఉన్నట్టు ఇంటి బయట ఎవరికీ తెలియదు. పొద్దున బోధన్ బస్సు ఎక్కేముందు ముఖానికి చుట్టుకున్న చున్నీని ఆమె సాయంత్రం ఇంటి గడప దాటాకే విప్పేది. ఎండకని, దుమ్ముకని చెప్పేది కానీ అసలు సంగతి సిగ్గు. ఇంటర్ రెండేళ్లలో కాలేజీలో ఆమె ముఖం మొత్తం చూసింది ఒక్క హాజరు యాప్ మాత్రమే. దాని పేరు ముఖసాక్షి. రోజూ గేటు దగ్గర రెండు క్షణాలు దానికి ముఖం చూపించి, మళ్లీ కట్టేసుకునేది. మధ్యాహ్నం అన్నం కూడా గోడ వైపు తిరిగి తినేది.

"పన్నెండు రోజులల్ల ప్రాక్టికల్స్ ఉన్నయి చిన్నమ్మా," అంది హర్షిణి నేలను చూస్తూ.

జువాలజీ ప్రాక్టికల్‌కు ఒక్కసారే పిలుస్తారు. ఆ రోజు పోతే ఏడాది పోతుంది, ఏడాదితో పాటు నర్సింగ్ కాలేజీ కూడా పోతుంది. నర్సింగ్ సంగతి ఆమె ఇంట్లో ఒక్క తండ్రికే, తన బాపుకే చెప్పుకుంది.

"నాలుగు రోజులల్ల అంత తేటగైతది. ముఖం కడుక్కున్నట్టే," అంది శైలజ.

"ముఖం కడుక్కున్నట్టే అయితే కడుక్కుంటే సాలదా? మీ నిజామాబాద్‌ల నీళ్లొస్తలేవా?" అంది సాయవ్వ.

హర్షిణి ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు రాసుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ.

చర్మాలయంలో పదకొండు పేజీల ఫారం ఇచ్చారు. అందులో నాలుగో ప్రశ్న: మీరు రోజూ ఎండలో ఎక్కడ ఉంటారు? (అ) కారు నుంచి ఆఫీసు దాకా (ఆ) బాల్కనీలో (ఇ) విహారయాత్రల్లో. పసుపు చేను అనే గడి లేదు. ఇంటి ముందు అరుగు ఉంది కాబట్టి, మిగతా రెంటి కంటే అది నిజానికి దగ్గరగా ఉంటుందని హర్షిణి బాల్కనీకి టిక్కు పెట్టింది.

శిరీష అనే ఆవిడ వచ్చింది. ఆవిడ డాక్టరు కాదు, నర్సు కాదు, చర్మ సమన్వయాధికారిణి. (డాక్టరు గారు గోడ మీద ఫొటోలో ఉన్నారు. చాలా తేటగా ఉన్నారు.)

"పది రోజులు ఎండ తాకొద్దు, పొగ తాకొద్దు, పసుపు అసలే తాకొద్దు," అంది శిరీష.

జనవరిలో తమ ఇంట్లో ఆ మూడు తప్ప వేరే ఏమీ దొరకవని హర్షిణి చెప్పాలనుకుంది. శిరీష అప్పటికే బ్రష్షు ముంచింది.

"మంట పుడితే భయపడకమ్మా. ఇది చెరుకు నుంచి తీసిన యాసిడే. అంతా నేచురల్."

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బాపు చెరుకు వేసేవాడు. బండి కట్టుకుని ఫ్యాక్టరీ గేటు ముందు వరసలో రెండ్రోజులు పడుకునేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక పసుపుకు మారాడు. మన చెరుకంతా ఎటు పోయిందోనని అప్పుడప్పుడు తనలో తాను అనుకునేవాడు. అది ఖలీల్‌వాడిలో ఉంది. మూడు నిమిషాలు మండింది.

శైలజ ముఖం ఫారంలో రాసినట్టే నడుచుకుంది. మూడో రోజు బిగుసుకుంది, నాలుగో రోజు పొట్టు రాలింది, ఐదో రోజు ఆమె ఫోన్‌లో స్టేటస్ పెట్టింది. హర్షిణి ముఖానికి ఫారం చదివే తీరిక దొరకలేదు. కాలేజీ వాళ్లు చదువుకొమ్మని సెలవులిచ్చారు, ఇంట్లో వాళ్లు బాయిలర్ కింద మంట చూడమన్నారు. ముఖానికి చున్నీ కట్టుకుని, ఒడిలో జువాలజీ పుస్తకం పెట్టుకుని, ఆమె రెండూ చూసింది. ఆరో రోజుకు నోటి చుట్టూ తోలు లేచింది. నుదురు లేవలేదు. బుగ్గలు లేద్దామా వద్దా అన్నట్టు సగంలో ఆగాయి.

దాని మీద వాకిట్లో నిపుణుల సమావేశం జరిగింది.

"ఉడుకు తక్కువైంది," అంది సాయవ్వ, మనవరాలి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పుతూ. "అంచులకు ఉడికింది, నడుమ ఉడకలే."

"ఉడుకు సరిగనే ఉన్నదవ్వా. ఆరలే గంతే. ఇంక రెండెండలు గొడితే ఆరుతది," అన్నాడు లింబయ్య. ముప్పై ఏళ్లుగా కొమ్ము విరిచి చూసి ఉడుకు చెప్పే మనిషి. ఆయన మాటకు నిజామాబాద్ మార్కెట్ యార్డులో కూడా విలువ ఉంది.

"ఎండ తాకొద్దన్నరు బాపూ," అంది హర్షిణి.

"ఎండ లేకుంట ఎట్ల ఆరుతది బిడ్డా?"

దీనికి చర్మాలయం వారి పదకొండు పేజీల్లోనూ జవాబు లేదు.

పాలిష్ డ్రమ్ములు రాకముందు సాయవ్వ కాలంలో ఎండిన కొమ్ములను గోనెలో వేసి రుద్దేవారు. పొట్టు రాలి కొమ్ము నిగనిగలాడేది. కొమ్ముకు, పిల్లకు పెద్ద తేడా ఉంటుందని ఆమెకు తోచలేదు. ఉంటుందని చెప్పాల్సినవాళ్లు ఖలీల్‌వాడిలో ఉన్నారు. ఆమె పాత గోనె ముక్కను నీళ్లలో నానబెట్టి, మెత్తబరిచి, మనవరాలిని అరుగు మీద, అంటే బాల్కనీలో, కూర్చోబెట్టుకుంది.

"నొస్తే చెప్పు," అంది.

నొచ్చింది. హర్షిణి చెప్పలేదు. బాపమ్మ తన ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అంతసేపు కూర్చోవడం చిన్నప్పుడెప్పుడో జరిగింది. సిగ్గుతో ఎవరికీ చూపించని ముఖాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా చూస్తుంటే వద్దనడానికి ఆమెకు నోరు రాలేదు. రుద్దడం అయ్యాక, చర్మం ఎర్రబడిందని, సాయవ్వ పచ్చి పసుపు నూరి దట్టంగా పట్టించింది.

మర్నాటికి కుడి బుగ్గ కందిపోయింది, ఎడమ బుగ్గ కాఫీ రంగుకు వచ్చింది. కళ్ల కింద వాచింది. ఒక కనుబొమ్మ చివర సగం లేదు. నుదురు ఒక్కటే పాత హర్షిణిది.

శైలజ ఫోన్ చేస్తే చర్మాలయం వారు వాట్సాప్‌లో ఫొటో తెప్పించుకుని, ఫారం తొమ్మిదో పేజీ చూడమన్నారు. పసుపు తాకినచో ముఖంపై సంస్థకు బాధ్యత లేదు అని అక్కడ ఉంది. చికిత్స జరిగినట్టు ఒక కాగితం ఇమ్మని అడిగితే, 'ముందు' ఫొటో ఇస్తామని, 'తర్వాత' ఫొటో తమ గోడకు పనికిరాదు కాబట్టి దాని విషయంలో తామేమీ చెప్పలేమని శిరీష మర్యాదగా చెప్పింది. కావాలంటే రెండో ఒలుపుకు రమ్మంది. ఇంకా చలి ఉందట.

ప్రాక్టికల్స్ రోజు హర్షిణి గంట ముందే కాలేజీకి చేరింది. ల్యాబు తలుపు దగ్గర దేవిదాస్ సారు ట్యాబు పట్టుకుని నిలబడ్డారు. ఆయన జువాలజీ లెక్చరరే, కానీ ఆ రోజు ముఖ గుర్తింపు నోడల్ అధికారి. హర్షిణి చున్నీ దించింది. ముఖసాక్షి చాలాసేపు ఆలోచించి, ఈ వ్యక్తి నమోదు కాలేదు అని చెప్పింది.

"మల్ల వెట్టు," అన్నారు దేవిదాస్.

మళ్లీ పెట్టింది. వెలుతురు మార్చి పెట్టింది. అటు బుగ్గ, ఇటు బుగ్గ పెట్టింది. నుదురు ఒక్కటే పెడితే తీసుకుంటుందేమోనని వంగి కూడా చూసింది.

"ఎవరమ్మా నువ్వు?"

వెనక వరసలో ఉన్న త్రివేణి ముందుకొచ్చింది. "సార్, గీమె హర్షిణే. రెండేండ్ల సంది నా పక్కనే కూసుంటది. కండ్లు సూడుండ్రి, గవే కండ్లు."

"కండ్లు చాలవమ్మా. నువ్వు చూసి చెప్పుడు, నేను చూసి చెప్పుడు జూన్‌లనే బంద్ అయింది. సర్క్యులర్ ఉన్నది." ఆయన హాల్ టికెట్ తీసుకుని చూశారు. ఫొటో నల్లగా అచ్చయింది. దానితో ఎవరినైనా లోపలికి పంపవచ్చు. అందుకే దానితో ఎవరినీ పంపడం లేదు.

"ముఖం మారితే మార్చుకునే దారి లేదా సార్?" అంది త్రివేణి.

"ఎందుకు లేదు," అని ఆయన ట్యాబులో వెతికి చూపించారు. కొత్త ముఖం నమోదుకు ముందుగా పాత ముఖంతో లాగిన్ అవ్వండి అని ఉంది.

లోపల మొదటి గంట కొట్టారు. త్రివేణి ముఖం పెట్టి లోపలికి వెళ్లింది, వెనక్కి చూస్తూ. వరసలో ఇక హర్షిణి ఒక్కతే మిగిలింది. కాలేజీలో రెండేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. తల ఎత్తి, గొంతు పెంచి అంది.

"నేనే సార్. హర్షిణిని నేనే. పోయినేడు రోల్ కాల్ల రోజు మీరు పిలుస్తుండె, నేను చెయ్యి లేపుతుంటి."

దేవిదాస్ ఆమెను జాలిగా చూశారు.

"గక్కడనే దొరికినవమ్మా. హర్షిణి గొంతు నేనెన్నడు ఇనలే. ఆ పిల్ల గింత గట్టిగ మాట్లాడదు."

ఆమె సంచిలోంచి రికార్డు పుస్తకం తీసి ఇచ్చింది. ఆయన పేజీలు తిప్పారు. వానపాము, బొద్దింక, చర్మం నిలువుకోత. ప్రతి పొరకు ఒక రంగు, ప్రతి గీతకు ఒక పేరు. ప్రతి పేజీ కింద ఆయన సంతకమే. ఆయన ముఖం మెత్తబడింది.

"గివి హర్షిణి బొమ్మలే. నాకెర్కలేదా? క్లాసుల గింత మంచిగ ఇంకెవ్వరు గీయరు." పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. "రికార్డుకు వేరే మార్కులుంటయి, ఇది లోపలికి తీస్కపోత. గింత మంచి పిల్ల, సరిగ్గ ఇయ్యాలనే ఎందుకు రాలేదో ఏమో."

ట్యాబులో హర్షిణి పేరు ఎదుట గైర్హాజరు అని నొక్కి, ఆయన రికార్డుతో లోపలికి వెళ్లారు. హర్షిణి గడప ఇవతలే నిలబడింది. రెండో గంట కొట్టారు. అటెండర్ లింగం వచ్చి ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఆబ్సెంట్ అయినోళ్లు ఈడ నిలవడద్దు బిడ్డా," అని తలుపు వేశాడు.