మంత్రిగారి ఎడమ బొటనవేలు

"పోకీ అనే ఈ జూదం మిషన్ ముందు ఎవరి తెలివీ పనిచేయదు. ఈ సత్యాన్ని ప్రజలకు నేనే స్వయంగా నిరూపిస్తాను!" అని జూద నియంత్రణ మంత్రి రసెల్ హార్గ్రీవ్స్ కుర్రాబిన్ బౌలింగ్ క్లబ్బులో ప్రకటించారు. తెలివి పనిచేయదని నిరూపించడానికి ఆయనకు మించిన మనిషి దొరకడని సభ ఏకగ్రీవంగా ఒప్పుకుంది.

ఆ ప్రసంగం రాసింది సలహాదారు డెస్మండ్ పైక్. జూదానికి హద్దు పెట్టే బిల్లు రాసిందీ అతనే. లెక్కల్లో డాక్టరేట్ ఉంది గనక, లెక్క చెబితే జనం వింటారని నమ్మిన అమాయకుడు. బిల్లు గట్టెక్కితే ఏ మనిషైనా రోజుకు ఇంతకు మించి పోగొట్టుకోవడానికి వీల్లేదు. ఏ మనిషైనా అంటే డెస్మండ్ దృష్టిలో ఒక్క మనిషే: వాళ్లమ్మ మ్యూరియల్. పెన్షన్ పడ్డ రోజు ఆవిడ డబ్బుతో క్లబ్బుకు వస్తే, ఇంటికి ఆవిడ ఒక్కతే తిరిగి వస్తుంది. సాయంత్రం నాలుగింటికి పార్లమెంటులో ఓటింగు. రెండు పక్షాలూ సరిసమానం, మంత్రిగారి ఓటుతోనే బిల్లు తేలాలి.

"మనం బొత్తాం నొక్కిన క్షణంలోనే లోపలి చిప్ ఫలితం తేల్చేస్తుంది. ఆ తర్వాత బొమ్మలు తిరిగేది మన కాలక్షేపానికే. నిమిరి నొక్కినా, తిట్టి నొక్కినా ఒకటే," అని మంత్రిగారు కాగితం చూసి చదివి, మిషన్ ముందు కూర్చుని నొక్కారు. గంటలు మోగాయి. కంగారూ బొమ్మలు బారులు తీరి నిలబడి డబ్బు కురిపించాయి.

"ఇది కేవలం యాదృచ్ఛికం," అని మంత్రిగారు మళ్లీ నొక్కారు. మళ్లీ మోగాయి.

"అది ఏ వేలు బాబూ?" అంది పక్క మిషన్ దగ్గరున్న మ్యూరియల్.

"ఎడమ బొటనవేలండీ."

"ఇన్నేళ్లూ కుడిచేత్తో నొక్కాను కదా, నా ఖర్మ!"

విలేఖరులు కెమెరాలు కింద పెట్టి ఎడమ బొటనవేళ్లు బయటికి తీశారు. డెస్మండ్ కుర్చీ ఎక్కాడు. "అయ్యా, వేలికీ దానికీ సంబంధం లేదు! మిషన్‌కు జ్ఞాపకశక్తి ఉండదు. ఇందాక ఇచ్చిందో లేదో కూడా దానికి తెలీదు!"

"పాపం, దానికి తెలీనప్పుడు మనమే గుర్తుపెట్టుకోవాలి," అన్నాడు బీరు పోసే కుర్ట్.

మూడయింది. మంత్రిగారు లేవలేదు.

"మినిస్టర్ గారూ, ఓటింగుకు టైమైంది."

"ఇప్పుడు లేస్తే వేరేవాడు కూర్చుంటాడయ్యా. నేను దున్నిన పొలంలో వాడు కోత కోసుకుంటాడు."

"మిషన్ ఎవర్నీ గుర్తుపెట్టుకోదని ఇందాక మీరే చెప్పారు కదండీ!"

"నేను చెప్పలేదు. చదివాను. రాసింది నువ్వు."

చివరికి రాజీ కుదిరింది. మంత్రిగారు వెళ్లి ఓటు వేసి వచ్చేదాకా డెస్మండ్ ఆ కుర్చీకి కాపలా కూర్చోవాలి. నొక్కకూడదు.

డెస్మండ్ కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే ఏం బాగుంటుంది? వేలికి మహిమ లేదని కళ్లారా చూపిద్దామని ఒక్కసారి నొక్కాడు. పోయింది. సిద్ధాంతం నెగ్గింది. అయితే ఒక్క నొక్కుడుతో ఏ సిద్ధాంతమూ నిలవదని చదువుకున్నవాడికి వేరే చెప్పాలా? శాస్త్రం కోసమే మళ్లీ నొక్కాడు. ఆ తర్వాత అతను శాస్త్రానికి చేసిన సేవకు అంతులేదు. జేబు ఖాళీ అయితే కార్డు తీశాడు. ఫోను మోగుతున్నా ఎత్తలేదు.

చీకటి పడ్డాక మంత్రిగారు వచ్చారు. "ఏమైనా ఇచ్చిందా?"

"ఇంకా లేదు. బిల్లు ఏమైందండీ?"

"ఒక్క ఓటుతో పోయింది."

"ఎవరిదండీ ఆ ఓటు?"

"నాదే. మహిమ మిషన్‌లో ఉందా, వేలిలో ఉందా అని తేల్చుకోవడానికి దారిలో ఇంకో క్లబ్బులో ఆగాను."

"ఏం తేలింది?"

"మరింత లోతైన పరిశోధన అవసరం."

డెస్మండ్‌కు ఏడుపొచ్చింది. మూడేళ్ల కష్టం. అమ్మ కోసం రాసిన బిల్లు. కళ్లు తుడుచుకున్నాడు గానీ తల మాత్రం తిప్పలేదు. తిప్పితే బొమ్మలు కనబడవు.

మ్యూరియల్ వచ్చి కొడుకు భుజం తట్టింది. "లేరా డెస్. ఆకలేస్తోంది, ఇంటికి పోదాం."

"ఉండమ్మా," అని విసుక్కున్నాడు డెస్మండ్. "సరిగ్గా ఇవ్వబోయే ముందు లేచి వెళ్లిపోతావు. నువ్వు ఇన్నేళ్లూ చేసిన తప్పు అదే."