వృథా పోని వేడిగాలి

రాయగడ రైల్వే కాలనీలో తిరుమలరావు ఇంట్లో ఏసీ ఉందని అందరికీ తెలుసు. అది చల్లగా ఉంటుందన్న సంగతి మాత్రం ఆ ఇంట్లోవాళ్లకే తెలియదు. కొన్న రోజే దానికి పాత దుప్పటి కప్పేశాడు ఆ మహానుభావుడు. మే నెల ఎండల్లో భార్య సుభద్రమ్మ నెత్తిన తడిగుడ్డ వేసుకుని వంట చేస్తుంటే, "సెమట పడితే ఆరోగ్యమే!" అనేవాడు. తను మాత్రం ఆఫీసులో ఏసీ కింద కూర్చుని ఆరోగ్యాన్ని త్యాగం చేసేవాడు.

ఆ పొద్దున్న దుప్పటి తీయక తప్పలేదు. పక్క క్వార్టర్‌లో ఉండే పై అధికారి బిజయ్ బాబు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ఆయన ఒక్క ముక్క రాస్తే చాలు, తిరుమలరావుకి విశాఖ బదిలీ ఖాయం. దానికోసం మనవాడు ఏళ్ల తరబడి ఆయన చుట్టూ తిరుగుతున్నాడు.

"గది సల్లబడాలంటే ఇప్పట్నించే ఎయ్యాలి కదేటండీ," అంది సుభద్రమ్మ.

ఏడవలేక నవ్వుతూ స్విచ్ వేసి, పెరట్లోకి వెళ్లి చూశాడు. ఏసీ బయటి పెట్టెలోంచి వేడిగాలి బుసకొడుతూ పోతోంది. తిరుమలరావు ప్రాణం ఉసూరుమంది.

"అయ్యయ్యో! ఇంత వేడి ఊరికే పోతంది! దీనికీ మనవే కదేటే బిల్లు కట్టేది?"

ఆవకాయ కారం కోసం తెచ్చిన మిరపకాయలు కంటపడ్డాయి. వెంటనే వాటి తొడిమలు తీయించి, పాత దోమతెరలో మూటగట్టి, పెట్టె మూతికి ఎదురుగా వేలాడదీశాడు.

"మేడ మీద ఎండ నిప్పులు సెరుగుతుంటే ఇదేం పనండీ?"

"నీకేటి తెలుసు! పాలిచ్చే ఆవు పేడని పారబోస్తామేటి?"

"ఆవుకి కారం ఎవరు రాస్తారండీ," అంటూ సుభద్రమ్మ లోపలికి పోయింది. పిసినారికి మందుంది కానీ, తెలివైన పిసినారికి లేదు.

ఆ పెట్టె మూతి సరిగ్గా బిజయ్ బాబు కిటికీ వైపే ఉంది. మిరపకాయలు పెళపెళలాడేసరికి వాటి ఘాటంతా ఆ ఇంట్లోకి దూరింది. ముందు ఆయన తల్లి దగ్గింది. తర్వాత ఆయన తుమ్మాడు. కాసేపటికి ఆ వరసంతా తుమ్ములే. మామూలు ఊరైతే ఎవరో తాలింపు మాడ్చారని తిట్టుకుని ఊరుకునేవారు. ఇది రైల్వే కాలనీ. యార్డులో నిన్నటి నుంచి గ్యాస్ ట్యాంకర్ల బండి ఆగి ఉంది.

"తిరుమల బాబు! గ్యాస్ లీక్ హెయిగలా!" అని ఫోన్‌లో ఒడియాలో అరిచాడు బిజయ్ బాబు.

విశాఖ బీచి కళ్లముందు మెరిసింది తిరుమలరావుకి. "మీరు బయల్దేరండి సార్, నేను సూసుకుంటాను!" అన్నాడు. యార్డుకి ఫోన్ చేసి, ట్యాంకర్ కారడం తన కళ్లతో చూశానని కోతలు కోసేశాడు. సైరన్ మోగింది. బళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పిల్లాజెల్లా, ముసలీముతకా మండే ఎండలో మైదానానికి పరుగులు తీశారు. తిరుమలరావు మొహానికి తువ్వాలు కట్టుకుని, "భయపడకండి, నేనున్నాను!" అని చేతులూపాడు. సిగ్గులేని జన్మ!

ముసుగులు తొడుక్కున్న సిబ్బంది ట్యాంకర్లన్నీ తడిమి చూశారు. ఒక్కటీ కారడం లేదు. ముసుగులు తీసేసి, ఘాటు ఎక్కడ ఎక్కువైతే అటే నడుస్తూ, చివరికి తిరుమలరావు పెరట్లో తేలారు. కాలనీ అంతా వాళ్ల వెనకే ఉంది. ఏసీ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపితే గది మళ్లీ వేడెక్కుతుందని, ప్రాణభయంలో కూడా మనవాడు ఆపలేదు. దోమతెర హాయిగా ఊగుతోంది.

"ఇదేమిటి?" అన్నాడు సిబ్బందిలో ఒకాయన, ముక్కు మూసుకుని.

"మా ఆవు పేడండీ," అంది సుభద్రమ్మ.

బిజయ్ బాబు వాచిన కళ్లతో తిరుమలరావుని ఒకసారి చూసి వెళ్లిపోయాడు. భోజనానికి రాలేదు. కానీ రెండ్రోజుల్లోనే బదిలీ కాగితం వచ్చింది. "సూశావా, పెద్దమనిషంటే ఆయనే!" అని ఎగిరి గంతేసి, దాన్ని విప్పి చదివాడు తిరుమలరావు. ఊరు విశాఖ కాదు. కోరాపుట్ లైన్లో, కొండల మధ్య, ఎండాకాలంలో కూడా చలేసే ఒక చిన్న స్టేషన్. సాగనంపడానికి కాలనీ అంతా వచ్చింది, ఎంతో ప్రేమగా.

ఆ కొండల్లో దిగిన రోజే తిరుమలరావు ఎవరూ అడక్కుండానే ఏసీ మీది దుప్పటి తీసేశాడు, కప్పుకోవడానికి.