బీరువాలో క్షేమంగా ఉన్న పొద

అంతరించిపోతున్న మొక్కకు అడవిని మించిన శత్రువు లేదని ఘంటాపథంగా చెబుతాను. ఎండా వానా, చీడా పీడా, మేకలూ గొడ్డళ్ళూ అన్నీ అక్కడే కదా! అదే మొక్క మా ఆఫీసు బీరువాలో ఉందనుకోండి, ఏ మేక వచ్చి తింటుంది?

నేను పొద సంరక్షణ విభాగంలో హెడ్ క్లర్కును. ఒక్క పొదకు ఒక విభాగమా అని ముక్కున వేలేసుకోకండి. లోకంలో మరెక్కడా లేని పొద అది. నడుమెత్తు పెరిగి, ఏడాదికోసారి గోరంత తెల్లపువ్వు పూస్తుంది. మేం కాపాడటం మొదలుపెట్టిననాడు కొండ మీద పదకొండు ఉండేవి.

మొక్క బతికే ఉందని ఏటా పైకి రిపోర్టు పంపాలి. ఉత్త మాటలు నమ్మడానికి పైవాళ్ళేమైనా అమాయకులా? సాక్ష్యం కావాలి. అందుకని ఏటా ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి, పాత పేపర్ల మధ్య ఒత్తి ఆరబెట్టి, అట్టకు కుట్టి, ‘సజీవంగా ఉన్నది’ అని ముద్ర కొట్టి, కలరా ఉండలు వేసి బీరువాలో భద్రపరుస్తాం. పదేళ్ళలో పది ముద్రలు పడ్డాయి, ఒక్కటీ అలుక్కుపోలేదు.

మొదటి బీరువా చాలక రెండోది తెప్పించాం. ‘పొద విస్తరిస్తోంది’ అని ఆ ఏడు రిపోర్టులో రాసింది నేనే. కంచే చేను మేసిందని గిట్టనివాళ్ళంటారు. అబద్ధం! మా కంచె మేయలేదు, శాంపిల్ తీసుకుంది.

ఈ ఏడు పదకొండోదాని వంతు. గునపం పట్టుకుని కొండెక్కాను. దారి చూపింది మా వాచర్. ఆఫీసంతా ఆమెను పెద్దక్క అంటాం. ఉన్న ఒక్క పొదా మొగ్గ మీద ఉంది. పెద్దక్క దాని పక్కనే చతికిలబడింది.

“పది సార్లు ఈ చేత్తోనే చూపించాను బాబూ. దీన్ని కూడా పీకేస్తే, వచ్చే ఏడు దేన్ని చూసి బతికుందని రాస్తారు?”

ఇంతటి రూల్సుకు విరుద్ధమైన ప్రశ్న నా సర్వీసులో వినలేదు. జవాబు కోసం ఫైళ్ళన్నీ మనసులోనే తిరగేశాను. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. దీన్ని వదిలేసి మొక్క లేదని రాస్తే విభాగం ఎత్తేస్తారనీ, ముందు పోయేది ఆమె ఉద్యోగమేననీ నసిగాను. పోతే పోనీయమంది.

గునపం భుజానేసుకుని కొండ దిగి వచ్చి రిపోర్టు టైపు చేశాను. ‘కొండంతా గాలించితిమి. మొక్క లేదు. అంతరించినది.’

పైనుంచి అందరూ దిగివచ్చి సంతాపసభ పెట్టారు. పదేళ్ళలో కొండ మొహం చూడని డైరెక్టర్ గారు రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. నన్ను రోడ్ల విభాగానికి బదిలీ చేశారు. పెద్దక్క ఉద్యోగం ఊడింది. అయినా వారానికోసారి కొండెక్కి వస్తూనే ఉంది.

నిన్న కబురు చెప్పింది. అంతరించిన నాలుగో నెలలో మా పొద రెండు పిలకలు వేసిందట!

ఏ కొండ అని అడగకండి. మీకు పుణ్యముంటుంది, ఎవరూ వచ్చి కాపాడకండి.